కనుమలో తెల్లచీర... కొట్టంలో కట్లపాము

తిరుపతి: భాకరాపేట కనుమలో మలుపు తిరగ్గానే రోడ్డు పక్కన తెల్లచీర కనబడుతుంది. చెయ్యి ఊపుతుంది. బండి ఆపితే అక్కడ మనిషి ఉండదు. ఆపకుండా పోతే తర్వాతి మలుపులో మళ్లీ అదే చీర. తిరుపతి నుంచి మదనపల్లె వైపు రాత్రిళ్లు లోడు తోలిన పాతకాలపు లారీ డ్రైవర్లను టీ అంగట్లో కూర్చోబెట్టి కదిలిస్తే ఈ కథ రాకుండా ఉండదు. చిత్తూరు, పలమనేరు మధ్య మొగిలి కనుమకూ ఇదే కథ ఉంది. చీర అదే, మలుపు అదే. ఎవరు చూశారని గట్టిగా అడిగితే మాత్రం "నాకు కాదు సామీ, మా క్లీనరుకు కనబడింది" అనే జవాబు వస్తుంది.

2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా చిత్తూరు నుంచి వేరయింది. జిల్లాలు విడిపోయాయి గాని కథలు విడిపోలేదు. చింతచెట్టు మీది దెయ్యం, చెరువులో కొరివి దెయ్యం, గుండెల మీద కూర్చునే దెయ్యం, సందెవేళ సోకే గాలి, ఇవన్నీ ఉమ్మడి ఆస్తిగానే మిగిలాయి.

ఇవి వట్టి కట్టుకథలని కొట్టిపారేసే వారున్నారు. అక్షరాలా నిజమని నమ్మే వారూ ఉన్నారు. చెప్పే మనిషి ముఖం చూస్తే మూడో సంగతి తోస్తుంది. అతడు అబద్ధం ఆడటం లేదు. ఏదో చూశాడు, ఏదో విన్నాడు. చూసినదానికి పెట్టిన పేరు సరైనదా కాదా అన్నదే ప్రశ్న. చాలాసార్లు పేరు తప్పయినా నష్టం లేదు, ఒక కథ మిగులుతుంది. కొన్నిసార్లు మాత్రం ఆ పేరు వల్లనే మనిషి ప్రాణం పోతుంది.

కనుమ సంగతి

రాత్రి రెండు నుంచి తెల్లవారుజామున ఐదు వరకు మనిషి ఒంట్లో నిద్ర బలంగా ఉండే వేళ. ఆ వేళలో స్టీరింగు పట్టుకున్నవాడికి కళ్లు తెరిచి ఉండగానే రెండు మూడు సెకన్ల కునుకు పడుతుంది. తాను నిద్రపోయినట్టు అతడికే తెలియదు. ఆ కునుకులో కల ముక్క ఒకటి వచ్చి రోడ్డు మీది దృశ్యంతో కలిసిపోతుంది. కనుమలో మంచు, మలుపుల దగ్గర సున్నం పూసిన రాళ్లు, వాటి మీద తిరిగే హెడ్‌లైట్ల వెలుగు ఉండనే ఉన్నాయి. తెల్లచీర తయారు కావడానికి ఇంతకంటే సరంజామా అక్కరలేదు.

అడవి కూడా తన వంతు సాయం చేస్తుంది. శేషాచలం అడవుల్లో దేవాంగ పిల్లి ఉంది. గుప్పెడంత జంతువు, రాత్రిపూటే తిరుగుతుంది, కొమ్మ మీద మెల్లగా, మనిషి నడిచినట్టు చెయ్యి తర్వాత చెయ్యి వేస్తూ కదులుతుంది. బ్యాటరీ లైటు పడితే రెండు పెద్ద కళ్లు నిప్పుకణికల్లా మెరుస్తాయి. దీన్ని క్షుద్రపూజలకు పట్టుకుపోయేవారు ఉన్నారు, చట్టం ప్రకారం అది నేరం. పాడుబడిన గోపురాల్లో కాపురం ఉండే తెల్లముఖం గుడ్లగూబ సంగతి సరేసరి. అది అరిస్తే నిద్రలో ఉన్న పసిబిడ్డ కూడా ఉలిక్కిపడి లేస్తుంది.

కనుమలో నిజంగా జరిగినవి వేరు. 2022 మార్చి 26 రాత్రి పెళ్లి నిశ్చితార్థానికి ధర్మవరం నుంచి తిరుపతికి వస్తున్న బస్సు భాకరాపేట కనుమలో లోయలో పడి పలువురు చనిపోయారు. 2024 సెప్టెంబరులో మొగిలి కనుమలో బస్సు, లారీ ఢీకొని మరికొందరు పోయారు. కనుమ దాటే ముందు కొబ్బరికాయ కొట్టే డ్రైవరు ఆ నాలుగు నిమిషాలూ బండి ఆపి కిందికి దిగుతాడు, ముఖం కడుక్కుంటాడు. దేవుడి సంగతి అట్లుంచి, కునుకు మటుకు వదులుతుంది.

లేదన్న పక్షి కనబడింది

పల్లె మనిషి రాత్రివేళ చూసింది చెబితే చదువుకున్నవారు నవ్వడం మామూలే. ఒకసారి ఆ నవ్వు తిరగబడింది. పక్కనున్న కడప జిల్లాలో కలివికోడి అనే పక్షి ఉంది. పగలు పొదల్లో దాగి, రాత్రి మాత్రమే బయటికి వస్తుంది. 1900 తర్వాత దీన్ని చూసినట్టు శాస్త్రజ్ఞుల దగ్గర దాఖలా లేదు. జాతి అంతరించిపోయిందనే అనుకున్నారు. చిట్టడవిలో రాత్రిపూట తిరిగే స్థానికులకు మాత్రం ఆ పక్షి తెలుసు, దానికి పేరు కూడా ఉంది. 1986 జనవరిలో ఐతన్న అనే స్థానికుడు బ్యాటరీ లైటు వెలుగులో దాన్ని ప్రాణంతో పట్టుకున్నాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు చూసి ఇదే ఆ పక్షి అని తేల్చారు. తర్వాత దాని కోసమే లంకమల అడవిని అభయారణ్యం చేశారు. 86 ఏళ్లపాటు పుస్తకం లేదన్న ప్రాణి పల్లెవారి కళ్లకు ఉండనే ఉంది.

కాబట్టి చేనికాడ ఏదో కనబడిందని రైతు చెబితే నవ్వేముందు వినడం మంచిది.

చెరువులో దీపాలు

రైతులకు రాత్రి తిరుగుడు సరదా కాదు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక కూడా ఏళ్ల తరబడి మోటార్లకు కరెంటు విడతలు విడతలుగా, అందులో ఒక విడత రాత్రిపూట ఇచ్చేవారు. అర్ధరాత్రి లేచి, కంబళి కప్పుకుని, గెనిమల మీద నడిచిపోయి స్టార్టరు నొక్కాలి. కయ్యకు మడవ తిప్పాలి. ఆ నడకల్లోనే చాలా కథలు పుట్టాయి. వెనక ఎవరో నడుస్తున్నట్టు అడుగుల చప్పుడు, తిరిగి చూస్తే ఎవరూ లేకపోవడం, పేరు పెట్టి పిలిచినట్టు వినబడటం, ఇవి ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. "మూడుసార్లు పిలిచేదాకా పలకవద్దు" అనే పెద్దల మాట ఇప్పటికీ చెల్లుతోంది.

వీటన్నిటిలో పాతది కొరివి దెయ్యం. చెరువు లోపలి బురదలో, మోకాటి ఎత్తున, నీలమో పసుపో తెలియని మంట ఒకటి వెలుగుతుంది. దగ్గరికి పోతే దూరం జరుగుతుంది. ఇది మన చెరువుల్లో మాత్రమే లేదు. బురదనేలలున్న దేశాలన్నిటిలో ఇటువంటి దీపం కథ ఉంది. నీటి అడుగున ఆకులు, అలములు కుళ్లితే మండే వాయువు పుడుతుందని 1776లో ఇటలీలో వోల్టా అనే శాస్త్రజ్ఞుడు మజ్జోరె సరస్సు బురదను కెలికి, బుడగలు పట్టి చూపించాడు. ఇప్పుడు దాన్నే మీథేన్ అంటున్నారు, గోబర్ గ్యాస్ పొయ్యిలో మండేదీ అదే. కొరివి దెయ్యం బురదలోంచి లేచే ఈ వాయువు పనే అని ఆనాటి నుంచీ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అదీగాక, రాత్రిపూట ఎండ్రకాయలకు, చేపలకు దివిటీ పట్టుకుని తిరిగేవారు దూరానికి ఎట్లా కనబడతారో వేరే చెప్పనక్కరలేదు. చెరువులు ఎండిపోయి కంపచెట్లు మొలిచాక కొరివి దెయ్యాలూ కనబడటం లేదని ముసలివారు అంటారు. నీళ్లు లేని చోట దెయ్యం కూడా ఉండదన్నమాట.

నీళ్లు వచ్చినప్పుడు ఏం జరుగుతుందో 2021 నవంబరులో తిరుపతి పట్టణం చూసింది. ఆ నెల కురిసిన వానలకు స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెలను ఖాళీ చేయించారు. వరద తగ్గాక శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంట్లో గృహిణి భూమిలోని నీళ్లతొట్టిలోకి దిగి శుభ్రం చేస్తుండగా ఆ తొట్టి మొత్తం, సిమెంటు ఒరలతో సహా, భూమిలోంచి పైకి లేచింది. ఆమె భయపడి కేకలు వేస్తే నిచ్చెన వేసి బయటికి తీశారు. ఎవరూ ముట్టకుండా ఒరల వరుస మనిషిని మించిన ఎత్తున నిలబడిపోయింది. జనం తండోపతండాలుగా వచ్చి చూశారు. విశ్వవిద్యాలయాల భూగర్భ శాస్త్రజ్ఞులు వచ్చి, వరద నీటితో ఇసుక నేల నిండి ఉబ్బిందని, తొట్టిలో నీళ్లు తోడెయ్యడంతో అది తేలికై, నీటిలో ఖాళీ బిందె తేలినట్టు పైకి వచ్చిందని చెప్పారు. పట్టణంలో, పట్టపగలు, నలుగురి ఎదుట జరిగింది కాబట్టి విద్వాంసులు వచ్చారు, జవాబు దొరికింది. అదే అర్ధరాత్రి ఒంటిబావి దగ్గర, ఒక్క మనిషి కళ్లముందు జరిగి ఉంటే ఆ బావికి ఈపాటికి ఏ పేరు వచ్చి ఉండేదో ఊహించుకోవచ్చు.

గుండెల మీద కూర్చునేది

"మెలకువ వచ్చింది. కళ్లు తెరిచే ఉన్నాయి. చెయ్యి కదలదు, నోరు రాదు. గుండెల మీద ఎవరో కూర్చుని అదుముతున్నారు." ఈ మాటలు చెప్పేవారిలో ముసలివారు, పడుచువారు అనే తేడా లేదు. తిరుపతి హాస్టళ్లలో పరీక్షలకు చదివే విద్యార్థులు, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో వారం పగలు, వారం రాత్రి షిఫ్టు చేసేవారు కూడా దీన్ని ఎరుగుదురు. చాలామంది పిచ్చి అనుకుంటారేమోనని బయటికి చెప్పరు.

ఇది పిచ్చి కాదు. కల వచ్చే నిద్రలో ఒంట్లోని కండరాలను మెదడు కదలకుండా కట్టేస్తుంది, లేకపోతే కలలో పరుగెత్తేవాడు మంచం మీంచి లేచి పరుగెత్తుతాడు. ఒక్కోసారి తెలివి ముందు వస్తుంది, కట్టు తర్వాత విడుతుంది. ఆ మధ్య ఉండే క్షణాల్లో కల, గది రెండూ కలిసే కనబడతాయి. ఊపిరి బరువుగా ఉంటుంది. తమిళంలో దీనికి 'అదిమే దెయ్యం' అని అర్థం వచ్చే పేరే ఉంది. జపానులో ఒక పేరు, కెనడా తీరంలోని న్యూఫౌండ్‌లాండులో 'ముసలి మంత్రగత్తె' అనే అర్థంలో మరో పేరు. దేశదేశాల్లో ఒకే దెయ్యం ఒకే విధంగా కూర్చుంటున్నదంటే అది బయటినుంచి వచ్చేది కాదని తెలుస్తూనే ఉంది. వెల్లకిలా పడుకున్నప్పుడు, నిద్ర వేళలు తప్పినప్పుడు ఎక్కువగా వస్తుంది. ప్రాణహాని లేదు. దానంతట అదే విడుతుంది.

తలుపు మీద నాలుగు మాటలు

1980లు, 90లలో తెలుగునాట ఊరూరా తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్నారు. రాత్రిపూట ఒక ఆడదెయ్యం వచ్చి ఇంట్లోవాళ్ల గొంతుతో పిలుస్తుంది, తలుపు తీస్తే చావు. తలుపు మీద రాసి ఉంటే చదువుకుని, సరే రేపు వద్దామని తిరిగి పోతుంది. మర్నాడు వచ్చినా అదే రాత. సుద్దతో కొందరు, బొగ్గుతో కొందరు, పసుపుతో కొందరు రాశారు. బెంగళూరు వైపు ఇదే కన్నడంలో 'నాళె బా' అయింది. ఆ రోజుల్లో పల్లెల్లో ఆడపిల్లలను బడికి పంపడం అంతంతమాత్రమే. దెయ్యానికి మాత్రం చదువు వచ్చునని ఊళ్లన్నీ నమ్మాయి. తర్వాత ఇది సినిమా పేరు కూడా అయింది.

ఆ పుకారు వల్ల తలుపులు మాసిపోయాయి గాని ఎవరికీ దెబ్బ తగలలేదని నవ్వుకోవచ్చు. అయితే పుకారు దెయ్యాన్ని వదిలి మనిషి మీదికి మళ్లితే వేరుగా ఉంటుంది. 2018 మేలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని సెల్‌ఫోన్లలో వచ్చిన వార్తలతో రాయలసీమ పల్లెలు కర్రలు పట్టుకుని కాపలా కాశాయి. దారితప్పిన బిచ్చగాళ్లను, మతిలేని వారిని చితకబాదారు. తమిళనాడులోని తిరువణ్ణామలై జిల్లాలో కులదైవం గుడికి వెళ్తూ దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన వృద్ధురాలిని జనం కొట్టి చంపారు.

గాలి సోకిందంటే...

పల్లెల్లో అన్నిటికంటే ఎక్కువగా వినబడే మాట 'గాలి'. ఫలానావాడికి గాలి సోకింది, ఫలానా పిల్లకు గాలి తగిలింది. జ్వరం రావచ్చు, మూర్ఛ రావచ్చు, మనసు చెదరవచ్చు, అన్నిటికీ అదే మాట. వేపమండలతో దిగదుడిచి, తాయెత్తు కట్టించి, నిమ్మకాయ కోయించి తెచ్చుకుంటారు. చాలా జబ్బులు రెండు రోజులు ఆగగలవు. ఒకటి మాత్రం ఆగదు.

అది ఇట్లా మొదలవుతుంది. కొట్టంలో నేల మీద చాప పరుచుకుని పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తాడు. వాంతి అవుతుంది. గొంతు పట్టేసినట్టుంది అంటాడు. కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, ఎత్తమన్నా ఎత్తలేడు. మాట ముద్దగా వస్తుంది, నోట్లో ఉమ్మి మింగుడు పడదు. ఒంటి మీద గాయం లేదు, వాపు లేదు, రక్తం లేదు. రాత్రి బాగా తిని పడుకున్న మనిషి. పామును చూసినవాళ్లు లేరు. ఇంట్లో పెద్దావిడ చూసి గాలి అంటుంది. ఆమె తప్పు కాదు. ఆ లక్షణాలు చూస్తే ఎవరికైనా అట్లాగే తోస్తుంది.

ఇవి కట్లపాము కాటు లక్షణాలు. కట్లపాము పగలు కనబడదు, రాత్రి ఎలుకల కోసమో, వెచ్చదనం కోసమో ఇళ్లలోకి వస్తుంది. నేల మీద పడుకున్నవారు నిద్రలో దాని మీద చెయ్యో కాలో వేస్తే కరుస్తుంది. కోరలు చాలా చిన్నవి. చీమ కుట్టినట్టు ఉంటుంది, లేదా ఏమీ తెలియదు. గాటు కూడా కనబడకపోవచ్చు. విషం నరాల చివర్ల మీద పనిచేసి కండరాలను ఒక్కొక్కటిగా చచ్చుబరుస్తుంది. మొదట రెప్పలు, తర్వాత గొంతు, చివరికి ఊపిరి తీసే కండరాలు. విరుగుడు మందు రక్తంలోని విషాన్ని పట్టుకుంటుంది గాని, నరాల చివర జరిగిపోయిన నష్టాన్ని వెనక్కి తేలేదు. కాబట్టి వేపమండలతో గడిచిన రెండు గంటలు మళ్లీ రావు.

ఇందులో భయంకరమైన సంగతి మరొకటి ఉంది. ఆ మనిషికి తెలివి పోకపోవచ్చు. కళ్లు తెరవలేడు, వేలు కదపలేడు, చుట్టూ ఏడుస్తున్నవాళ్ల మాటలు మాత్రం వింటూ ఉంటాడు. అందరూ పోయాడనుకుంటారు. ఆసుపత్రిలో ఊపిరి యంత్రం మీద పెడితే కొన్ని రోజులకు కండరాలు తేరుకుని లేచి కూర్చున్నవారు ఉన్నారు. పాడె మీంచి లేచాడని పల్లెల్లో చెప్పుకునే మనుషుల్లో కొందరి అసలు కథ ఇదే కావచ్చు.

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది అని 2020లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపు వానల్లోనే. ఎక్కువగా చనిపోయిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. చాలామంది ఆసుపత్రి గడప తొక్కకుండా ఇంటి దగ్గరే పోయారు.

మరి మంత్రం వేయించుకుని బతికినవారు లేరా అంటే ఉన్నారు. కరిచే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివి. విషం ఉన్న పాము కూడా కొన్నిసార్లు విషం ఎక్కించకుండానే కరుస్తుంది. ఆ మనిషి మంత్రం వేసినా బతుకుతాడు, వెయ్యకపోయినా బతుకుతాడు. బతికినవాడు ఊరంతా తిరిగి చెబుతాడు. పోయినవాడు చెప్పడానికి రాడు. మంత్రగాడి పేరు నిలబడటం వెనుక ఉన్న లెక్క ఇదే. వారిలో అందరూ మోసగాళ్లు కారు. రెప్పలు వాలినవాణ్ణి తెస్తే, నా చేతిలో లేదు రుయాకు తీసుకుపోండి అని పంపేవారు కూడా ఉన్నారు.

కాటు అనుమానం ఉన్నా చాలు, ఆ చెయ్యి లేదా కాలు కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా బండి మీద ఆసుపత్రికి చేర్చాలని వైద్యులు చెబుతున్నారు. తాడుతో బిగించి కట్టడం, గాటు పెట్టి రక్తం పీల్చడం చేయరాదు. పాము దొరికితేనే మందు ఇస్తారన్నది అపోహ. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర నాలుగింటికీ మన దగ్గర ఒకే మందు. 2005 నుంచి 108 బండి ఉంది.

ఆ మందు తయారు కావడం వెనుక కూడా రాత్రివేళ తిరిగే మనుషులే ఉన్నారు. చిత్తూరు సరిహద్దు పల్లెల్లోనూ, తమిళనాడులోనూ ఉండే ఇరుళ గిరిజనులు తరతరాలుగా పాములు పట్టడంలో ఆరితేరినవారు. ఇరుళ్ అంటే తమిళంలో చీకటి. మద్రాసుకు దక్షిణాన వడనెమ్మేలిలో 1978లో వీరు సహకార సంఘం పెట్టుకున్నారు. అక్కడ పాములు పట్టి, విషం తీసి, పాములను మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషం ఫ్యాక్టరీలకు పోయి, గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి విరుగుడు మందు తీస్తారు. సంఘానికి చెందిన మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది. వీరు కూడా గెనిమల మీద, పుట్టల దగ్గర, రైతులు దెయ్యాన్ని చూసే వేళకే బ్యాటరీ లైటు పట్టుకుని బయలుదేరతారు. కట్లపాము దొరికేది ఆ వేళలోనే.

వానలు మొదలైతే చాప తీసి మంచం వేసుకోవాలని, దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపాలని వైద్యులు చెబుతారు. అట్లా కట్టిన తెరలోకి దోమ రాదు, కట్లపామూ రాదు.